మేనేజరుగారికి పడని పువ్వు

ఆ పొద్దున ఆ ఇంట్లో మొగ్గకంటే ముందు విచ్చుకున్నవి పూలమ్మ కళ్ళు. ఇంకా ఆరు కాలేదు. దుప్పటి ఒక పక్కకీ దిండు ఇంకో పక్కకీ తోసేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ముందుగది కిటికీ దగ్గరికి ఒక్క పరుగు తీసింది. కిటికీ గట్టుమీద మట్టికుండీ, కుండీలో మూరెడు కాడ, కాడ చివర ఒకే ఒక్క మొగ్గ. నిన్నటిదాకా బిగించిన పిడికిలిలా ఉన్నది, ఇవాళ కొస దగ్గర సన్నగా చీలి లోపలి ఎరుపు చూపిస్తోంది.

"వచ్చేశావా తల్లీ," అంది పూలమ్మ, పురిటిగది ముందు నిలబడ్డ మనిషిలా. ఆ పలకరింపుకోసం ఆరేళ్ళు ఆగిందామె.

ముప్ఫై ఏళ్ళు పూలకొట్లో పూలు అమ్మింది కనక పూలమ్మ. అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. ఒక్కగానొక్క కూతురు పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. "పూలకి నేను, పళ్ళకి మా అమ్మాయి, ఇక మాకు బజారుతో పనేముంది" అని ఆవిడే అనేది, ఎదుటివాళ్ళకి అర్థమయ్యేలోగా ఆవిడే నవ్వేసేది. నోట్లో మాట పుట్టిందంటే బయటికి రావాల్సిందే, ఎవరికి తగిలితే వాళ్ళకి తగలాల్సిందే.

కుండీలో ఉన్నది లిల్లీ. కట్టలుకట్టి అమ్మే సన్న తెల్లపూల లిల్లీ కాదు, బూరలా విచ్చుకుని అరచేయంత అయ్యే పెద్ద లిల్లీ. కొట్లో ఉన్న రోజుల్లో ఒక తెల్లదానికీ ఒక ఎర్రదానికీ తనే కుంచెతో పుప్పొడి అద్ది పెళ్ళి చేసింది. విత్తనం తీసింది, మొలకలు పోసింది, అన్నీ పోగా మిగిలిన ఒక్క మొలకనీ ఆరేళ్ళు సాకింది. "సంబంధం కుదిర్చిందీ నేనే, పురుడు పోసిందీ నేనే" అని ఎవరొచ్చినా చెప్పేది. ఇవాళ పదింటికి పూలపెంపకందార్ల సంఘం నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడు. ఇలాంటి పువ్వు ఇంతకుముందు ఎవరి దగ్గరా లేదని ఆయన తేల్చాడంటే, దాన్ని పూలమ్మ పేరుమీద రిజిస్టరులో ఎక్కిస్తారు. ముప్ఫై ఏళ్ళూ ఎవరెవరి పేర్లో మోసే పూలు ఆవిడ చేతులమీదుగా వెళ్ళాయి. ఒక్క పువ్వైనా ఆవిడ పేరు మోయాలి. ఆవిడ కోరికల్లా అదే.

ఏడింటికల్లా ఇల్లంతా లేచింది. ఇల్లంతా అంటే ముగ్గురు మనుషులు, ఒక మేనేజరు.

మేనేజరుగారంటే పిల్లి. ఒళ్ళంతా తెలుపు, నెత్తిమీద మాత్రం పక్కపాపిడి తీసినట్టు నల్లమచ్చ. మూడేళ్ళ కిందట అల్లుడు ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు బాగుచేస్తుంటే అడుగున గోతిలో దొరికింది. ఇంటికొచ్చిన మర్నాటినుంచీ ప్రతి గదీ తనిఖీ చేయడం, ఎవరు ఏ పని చేస్తున్నా ఎదురుగా కూర్చుని తప్పు పట్టినట్టు చూడడం, తను మాత్రం ఏ పనీ చేయకపోవడం. ఆ ఉద్యోగానికి వేరే పేరు దొరకలేదు.

కానీ మేనేజరుగారికి నిజంగా ఒక పని పడింది, ఆరునెలల కిందట పూలకొట్టు మూతపడి పూలమ్మ ఈ ఇంటికొచ్చాక. అత్తగారూ అల్లుడూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. పోట్లాడుకోరు కూడా. ఏం చెప్పాలన్నా పిల్లికి చెప్తారు.

"మేనేజరుగారూ, అత్తయ్యగారి టీ చల్లారిపోతోందని మనవి చేయండి," అన్నాడు అల్లుడు, చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ. ఐదింటికే లేచి, తమ భవనంలోనే పదిరోజులుగా మొరాయిస్తున్న లిఫ్టు విప్పి పెట్టుకుని, టీకోసం పైకొచ్చాడు.

"మేనేజరూ, పువ్వు విచ్చేదాకా నాకు టీ దిగదని చెప్పు," అంది పూలమ్మ.

మేనేజరుగారు ఇద్దరివంకా ఒకసారి చూసి, చెవి గోక్కుని, విషయం చేరవేసినట్టే భావించారు.

ఈ తిక్క ఏర్పాటుకి మూలం ఎనిమిదేళ్ళ కిందటి పెళ్ళి. ఆరోజు పూలమ్మ తనవాళ్ళ మధ్య నిలబడి, "లిఫ్టులు బాగుచేసే అల్లుడు దొరికాడు, మా అమ్మాయిని పైకి తెస్తాడో మధ్యలో ఆపేస్తాడో చూడాలి" అని ఒక జోకు పేల్చింది. అందరూ పడీపడీ నవ్వారు. వెనక స్తంభం పక్కన కొత్త బూట్లు బిగుతై లేసు సడలించుకుంటున్న పెళ్ళికొడుకు మాత్రం నవ్వలేదు. ఆ సంగతి పూలమ్మకి తెలియదు. అల్లుడు మూగమొద్దు, మాట కలపడు అని ఆవిడ లెక్క. మాట కలపకపోతే నాకూ అక్కర్లేదని ఆవిడ పంతం.

టీ తాగుతూ అల్లుడు పువ్వువైపు చూశాడు, కుండీ పక్కనే గట్టుమీద ఒళ్ళు విరుచుకుంటున్న పిల్లివైపు చూశాడు.

"మేనేజరుగారూ, ఈ జాతి పువ్వు పిల్లులకి ప్రమాదం అని నిన్న ఫోనులో చదివాను. అత్తయ్యగారిని ఒకసారి కనుక్కోండి."

పూలమ్మకి చుర్రుమంది. ఆరేళ్ళ కల కన్ను తెరుస్తున్న పూట ఇదా అడగడం?

"మేనేజరూ, ఫోను పుట్టకముందునుంచీ నేను పూలమధ్య ఉన్నానని చెప్పు. విషమంటూ ఉంటే అది పుప్పొడిలో ఉంటుంది. పువ్వు విచ్చీ విచ్చగానే ఆ పుప్పొడి నేను తుంచేస్తాను. మా కొట్లోనూ పిల్లి ఉండేది, పూలబుట్టల్లోనే పొర్లేదని కూడా చెప్పు."

పశువుల డాక్టరమ్మకి ఒక ఫోను చేస్తే తేలిపోతుంది కదా అంది కూతురు, జడ వేసుకుంటూ. వచ్చే పెద్దాయన వచ్చి వెళ్ళాక చేద్దువుగాని, ముందే అపశకునం మాటలెందుకు అని పూలమ్మ కొట్టిపారేసింది. నిజానికి ఆవిడకి ఫోనంటే కాదు, ఫోనులో వచ్చే జవాబంటే భయం వేసింది. అల్లుడు గ్లాసు కింద పెట్టాడు. పిల్లిని గట్టుమీంచి తీసి నేలమీద పెట్టి, మళ్ళీ లిఫ్టు దగ్గరికి దిగిపోయాడు.

ఎనిమిదింబావుకి పువ్వు విచ్చుకుంది.

పూలమ్మ గట్టుమీదికి వంగి చూసింది. పాలలాంటి తెలుపు, అంచుల చుట్టూ ఎవరో పారాణి పెట్టినట్టు ఎర్రటి గీత, లోపల గొంతులో లేత పచ్చదనం. రేకు రేకుకీ వెనక్కి వంగిన వయ్యారం. కూతురు పరిగెత్తుకొచ్చి తల్లిని పట్టుకుని గిర్రున తిప్పేసింది. తల్లీకూతుళ్ళిద్దరూ చిన్నపిల్లల్లా ఎగిరారు. కింది వాటాలో ఉండే దర్జీ ఏమైందోనని గొంతెత్తి అడిగితే, "పువ్వు పుట్టింది, తల్లీ పిల్లా క్షేమం" అని పూలమ్మ కిటికీలోంచి కేకేసింది.

ఆ సంబరంలోనే ఆవిడ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. లిల్లీ మధ్యలో ఆరు సన్నటి కాడలుంటాయి, ఒక్కో కాడ కొసన ఇటుకరంగు పొడి నిండిన చిన్న మూట. ఆ పొడి గుడ్డకి అంటిందంటే ఇక వదలదు. కొనేవాళ్ళ బట్టలు పాడవకూడదని పూలకొట్లో ప్రతి లిల్లీకీ విచ్చగానే ఆ మూటలు తుంచేయడం ఆనవాయితీ. బొటనవేలి గోరూ చూపుడువేలూ, చిటుక్కున ఒకటి, చిటుక్కున ఇంకొకటి. తుంచినవి కింద పడితే నేల కరాబు, అందుకని నేరుగా బట్టలమీద కట్టుకునే ఏప్రను జేబులోకి. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వేల సార్లో. ఇవాళా అంతే. ఆరు మూటలూ తుంచి, చేతులు కొట్టునుంచి తెచ్చుకున్న ఏప్రనుకే రుద్దుకుని, ఏప్రను విప్పి కుర్చీమీద పడేసి, మంచి చీర కట్టుకోవడానికి లోపలికి పోయింది.

మేనేజరుగారు వచ్చారు. తనిఖీ చేశారు. కుర్చీ బాగుంది, కుర్చీమీద మెత్తగా ఏప్రను ఉంది, ఏప్రనుకి తలదూర్చడానికి సరిపడా జేబు ఉంది.

చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ బయటికొచ్చిన పూలమ్మకి మొదట పిల్లి తోక కనపడింది. తర్వాత జేబులోంచి తల బయటికొచ్చింది. తెల్లటి మూతిమీద ఇటుకరంగు మీసం. తెల్లటి ఛాతీమీద ఇటుకరంగు మరక. పిల్లి తీరిగ్గా కూర్చుని ఆ మరకని నాలుకతో శుభ్రం చేసుకుంటోంది.

ఆవిడ కుచ్చిళ్ళు వదిలేసింది. పరిగెత్తి వెళ్ళి తడిగుడ్డతో మూతి తుడిచింది, ఛాతీ తుడిచింది. తుడుస్తుంటే పిల్లి నోరు తెరిచింది. నాలుక ఇటుకరంగులో ఉంది.

గడియారం తొమ్మిది చూపిస్తోంది. గంటలో పెద్దాయన వస్తాడు. మరక పోయింది కదా, ఇంత పొడికి ఏమవుతుంది, పిల్లి హుషారుగానే ఉంది కదా అని లోపల ఒక గొంతు తీయగా చెప్పుకుపోతోంది. విషమంటూ ఉంటే పుప్పొడిలో ఉంటుందని పొద్దున ఆవిడ నోరే అంది. ఇప్పుడు అదే నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. పిల్లి ఆవిడ చేతిని తలతో ఒకసారి పొడిచి, ఒళ్ళోకెక్కి కూర్చుంది.

"అల్లుడూ!"

ఎనిమిదేళ్ళలో ఆ పిలుపు ఆ గొంతులోంచి రావడం అదే మొదలు. గడ్డం గీసుకోవడానికి పైకొచ్చిన అల్లుడు సగం మొహం నురగతో స్నానాలగదిలోంచి ఊడిపడ్డాడు. పిలిచింది అత్తగారేనా, పిలిచింది తననేనా అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

"పిల్లి పుప్పొడి నాకేసింది. నా ఏప్రను జేబులోది. నేనే పెట్టాను. పద, పద."

అతను నురగతోనే పరిగెత్తాడు. పనిముట్ల సంచీ నేలమీద బోర్లించాడు. పట్టకార్లూ స్పానర్లూ గదంతా దొర్లాయి. ఖాళీ సంచీలోకి మేనేజరుగారు వెళ్ళారు, తల మాత్రం బయట. కూతురు అప్పటికే డాక్టరమ్మకి ఫోను కలిపేసింది. ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, తిన్న మొక్క ఏదో కళ్ళతో చూడాలి, వెంట తీసుకురండి అని అవతలినుంచి జవాబు.

ఒక రేకో ఆకో తుంచి తెస్తే చాలదా అని పూలమ్మ ఆగలేదు. కుండీని అమాంతం చంకనెత్తుకుంది.

లిఫ్టు దగ్గరికి పరిగెత్తారు. లిఫ్టు లేదు. లిఫ్టు ఉండాల్సిన చోట తలుపు తీసి ఉంది, పక్కన గుడ్డమీద దాని పేగులన్నీ పరిచి ఉన్నాయి. "నేనే విప్పాను," అన్నాడు అల్లుడు, మెట్లవైపు తిరుగుతూ. నాలుగు అంతస్తులు, ఎనభై మెట్లు. ముందు సంచీ పట్టుకుని నురగమొహం అల్లుడు, వెనక పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, కుండీ ఇంకో చేత్తో పూలమ్మ. రెండో అంతస్తు మలుపులో సంఘం పెద్దాయన ఎదురయ్యాడు, ముప్పావుగంట ముందే, చేతిలో భూతద్దంతో, ఆయాసపడుతూ. తాను చూడ్డానికొచ్చిన పువ్వు తన ముక్కుముందునుంచి మెట్లు దిగి వెళ్ళిపోతుంటే ఆయన నోరు తెరిచి అలాగే గోడకి అంటుకుపోయాడు. వెనకే వస్తున్న కూతురు ఆయన చేయి పట్టుకుని, రండి సార్, దారిలో చెప్తాను అని ఆయన్నీ కిందికి లాక్కుపోయింది.

స్కూటరు ముందు భాగంలో సంచీ, వెనక సీటుమీద అత్తగారు. ఎనిమిదేళ్ళు మాట కలపని వీపుని ఆవిడ ఒంటిచేత్తో గట్టిగా కావలించుకుంది. రెండు వీధులు దాటేసరికి దార్లో వెళ్ళేవాళ్ళందరికీ ఒక సగం గడ్డం, ఒక సగం పిల్లి, ఒక పూర్తి పువ్వు కనపడ్డాయి.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లిని ఒక చేత్తో అందుకుని, పువ్వువంక చూసి ఉలిక్కిపడింది. లోపల ఇంకో మూడు పిల్లులున్నాయి, ఆ కుండీ తక్షణం వీధిలో పెట్టమంది. పూలమ్మ కుండీని గేటు బయట పెట్టొచ్చేసరికి డాక్టరమ్మ పిల్లితో లోపలికెళ్ళిపోయింది, తలుపు మూసుకుంది. మిగిలింది ఒక బల్ల, బల్లమీద ఇద్దరు. మధ్యలో ఖాళీ సంచీ. మాటలు మోసే మేనేజరు లేడు.

అల్లుడే మొదలుపెట్టాడు, ఆవిడవైపు చూడకుండా.

"పొద్దున అడిగాను."

"అడిగావు."

"మీకు మాట నెగ్గడం ముఖ్యం, అత్తయ్యగారూ. మనిషికి తగులుతుందా, పిల్లికి తగులుతుందా అన్నది తర్వాత. ఎనిమిదేళ్ళ కిందటా అంతే. మధ్యలో ఆపేస్తానేమోనని నన్ను చూసి పదిమందిని నవ్వించారు. స్తంభం వెనకే ఉన్నాను నేను."

పూలమ్మ అతనివైపు తిరిగింది. మూగమొద్దు అనుకున్న మనిషి ఇన్నాళ్ళూ మోసుకు తిరుగుతున్నది తను విసిరేసి మర్చిపోయిన మాట.

"కానీ నా తప్పూ ఉంది," అన్నాడతను, గడ్డంమీద ఎండిపోయిన నురగ గోకుతూ. "ప్రాణం సంగతి పిల్లిచేత అడిగించాను. మీ మొహం చూసి అడగాల్సింది. డాక్టరమ్మకి నేనే ఫోను చేయాల్సింది. అభిమానం అడ్డొచ్చింది."

అప్పుడే డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. వాంతి చేయించిందిట, ఒళ్ళంతా కడిగిందిట, సెలైను పెట్టిందిట. నాకిన ఎంతసేపటికి తెచ్చారని అడిగింది. అరగంటలోపే అంటే ఊపిరి పీల్చుకుంది. తొందరగా తేవడమే మంచిదయిందనీ, ఈ జాతి లిల్లీ పిల్లుల మూత్రపిండాలని దెబ్బతీస్తుందనీ, రెండుమూడు రోజులు సెలైనుమీద ఉంచి రక్తపరీక్షలు చేస్తేగాని గట్టిగా చెప్పలేననీ అంది.

"పుప్పొడి తుంచేస్తే ప్రమాదం పోతుందని నేను..." అంది పూలమ్మ.

"పుప్పొడి తుంచితే చీరలు బాగుంటాయమ్మా, పిల్లులు కాదు. రేకు కొరికినా, ఆకు నమిలినా, పూలు పెట్టిన నీళ్ళు తాగినా అంతే. పువ్వు మొత్తం విషమే, పిల్లికి. ముందు రెండు వాంతులవుతాయి, తిండి మానేస్తుంది, నీళ్ళగిన్నె దగ్గరే కూర్చుంటుంది. చాలామంది ఏదో అరగలేదనుకుంటారు. మూడోరోజుకి చేయిదాటిపోతుంది."

పూలమ్మ ఆ మాటలే తిరిగి అనుకుంది. నీళ్ళగిన్నె. మూడోరోజు.

కొట్లో పిల్లి. నల్లటిది. పూలబుట్టల్లోనే పొర్లేదని పొద్దున గొప్పగా చెప్పిందే, ఆ పిల్లి. ఒక ఎండాకాలం కొట్టునిండా లిల్లీలు దిగాయి. ఆ వారం అది ఏమీ తినలేదు, నీళ్ళగిన్నె పక్కన తల వాల్చుకుని పడుకుంది. బయట ఏదో తిని ఉంటుందన్నాడు యజమాని. అవునేమో అనుకుంది పూలమ్మ. మూడోరోజు దాన్ని పాత ఏప్రనులో చుట్టి కొట్టు వెనక పూడ్చింది తనే. ఏడ్చింది కూడా. ఏడుస్తూనే వెళ్ళి మిగతా లిల్లీల పుప్పొడి తుంచింది. ఆ ఏప్రను జేబులో ఏముందో ఇన్నేళ్ళూ ఒక్కసారి కూడా తోచలేదు.

"అది నావల్లే పోయింది," అంది. ఎవరికి చెప్తోందో ఆవిడకే తెలియదు. "తెలియక కాదు, తెలుసనుకుని."

కళ్ళలో నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. అల్లుడు జేబులో వెతికి ఒక గుడ్డ తీశాడు. గ్రీజు తుడుచుకునే గుడ్డ. అయినా అందించాడు. ఆవిడ అందుకుంది, మొహం నల్లగా చేసుకుంది. పెద్దాయనతో ఆటోలో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ కూతురికి ఎదురైన దృశ్యం అది: నురగపూసిన మొగుడు, మసిపూసిన అమ్మ, ఒకే బల్లమీద.

గేటు బయట సంఘం పెద్దాయన మోకాళ్ళమీద కూర్చుని, భూతద్దం రేకుల్లో దూర్చేసి, తన లోకంలో తనున్నాడు. పూలమ్మని చూడగానే లేచి రెండు చేతులూ పట్టేసుకున్నాడు. నలభై ఏళ్ళుగా ఎన్నో తోటలు తిరిగాననీ, ఈ ఎర్రంచు ఎక్కడా చూడలేదనీ, ఇది కొత్త పువ్వేననీ, రిజిస్టరులో ఏం పేరు రాయమంటారో చెప్పమనీ ఊపిరాడకుండా చెప్పుకొచ్చాడు. ఆరేళ్ళు ఎదురుచూసిన మాట వీధిలో, స్కూటరు పక్కన, మసిమొహంతో విన్నది పూలమ్మ. నవ్వొచ్చింది, మళ్ళీ ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేం.

"మీ సంఘం అద్దాలగదిలో పిల్లులున్నాయా?" అని అడిగింది.

లేవన్నాడాయన, అయోమయంగా.

"అయితే కుండీ మీరే పట్టుకెళ్ళండి. మా ఇంట్లో దీనికి చోటు లేదు. పేరు పూలమ్మ అని రాయండి. కానీ ఒక షరతు. ఈ పువ్వు ఎప్పుడు ఎవరికి ఇచ్చినా, పేరు కింద ఇంకో వరస ఉండాలి: పిల్లులున్న ఇంట్లో పెట్టకూడదు. అది రాయకపోతే నా పేరూ రాయొద్దు."

అమ్మా, ఆరేళ్ళు పెంచావే అంది కూతురు. పెంచాను కాబట్టే ఎక్కడుండాలో నేనే చెప్పాలి అంది పూలమ్మ. పెద్దాయన కుండీని పసిబిడ్డలా ఎత్తుకుని వెళ్తుంటే, మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. అంతవరకూ చీరకొంగు వేలికి చుట్టి విప్పి చుట్టి విప్పి చేస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున టీ వేళకి ఇల్లు బోసిగా ఉంది. కిటికీ గట్టుమీద కుండీ పెట్టిన చోట గుండ్రటి మరక. మేనేజరుగారి కుర్చీ ఖాళీ. కూతురు ఇద్దరికీ టీలు పెట్టి, ఆసుపత్రికి ఫోను చేయడానికి లోపలికెళ్ళింది. అల్లుడు గ్లాసు ఎత్తాడు, ఒక గుక్క తాగాడు, అలవాటు చొప్పున ఖాళీకుర్చీవైపు తిరిగి, "మేనేజరుగారూ..." అని, ఆగిపోయాడు.

పూలమ్మ గ్లాసు కింద పెట్టింది.

"మేనేజరు సెలవులో ఉన్నాడు నాయనా. నాకే చెప్పు."

అతను గ్లాసులోకి చూశాడు. "టీ మరీ పానకంలా ఉంటోంది అత్తయ్యా. ఆరునెలల్నుంచీ. మీరొచ్చాక చక్కెర మీ కొలతలోనే వేస్తోంది మీ అమ్మాయి."

"ఆరునెలలూ తాగావా?"

"మేనేజరుగారితో రెండుసార్లు చెప్పించాను. మీరు అప్పుడు మొగ్గ చూసుకుంటున్నారు."

పూలమ్మ పకపకా నవ్వింది. నవ్వు ఆపి, గ్లాసు పక్కకి జరిపింది. "ఆరోజు పెళ్ళిలో నేనన్న మాట తప్పు. నవ్వించాలని అన్నాను, నువ్వు విన్నావని తెలియదు. తెలియకపోయినా తప్పే. నిన్న నువ్వు ఐదింటికే లేచి ఆ లిఫ్టు ఎందుకు విప్పావో రాత్రి అమ్మాయి చెప్పింది."

ఆ పెద్దాయనకి డెబ్భై ఏళ్ళని విన్నాననీ, నాలుగంతస్తులు ఎక్కలేక మధ్యలోంచి తిరిగి వెళ్ళిపోతాడేమో, మీ పువ్వు చూసేవాళ్ళుండరేమో అనుకున్నాననీ అతను గొణిగాడు. నిన్న పనికి సెలవు పెట్టింది తనకోసం. ఆ గ్రీజు తనకోసం పూసుకున్నాడు. పూలమ్మ లేచి అతని గ్లాసు తీసుకుని, లోపలికెళ్ళి చక్కెర లేకుండా ఇంకో టీ కలిపి తెచ్చింది. తొందరలో సగం కింది సాసరులో ఒలికింది. అతను సాసరుతోనే తాగేశాడు.

మూడోరోజు మధ్యాహ్నం డాక్టరమ్మ ఫోను చేసింది. మూత్రపిండాలు పదిలంగా ఉన్నాయి, మీ మేనేజరు నా నర్సుని కరిచాడు, వచ్చి తీసుకెళ్ళండి అంది. ఆ ఫోను పెట్టేయకముందే పూలమ్మ కూతురి చేతిలోంచి లాక్కుని ఒక ప్రశ్న అడిగింది: ఆర్కిడ్ పువ్వు పిల్లులున్న ఇంట్లో పెట్టొచ్చా? పెట్టొచ్చు, ఆర్కిడ్‌తో భయం లేదన్నాక, పేరు మరోసారి పలికించుకుని, రాసుకుని, ఇంకోసారి చదివి వినిపించి, అప్పుడు బజారుకెళ్ళింది.

సాయంత్రం బాగైన లిఫ్టులో, పనిముట్ల సంచీలో తల బయటపెట్టుకుని మేనేజరుగారు విధుల్లో చేరారు. ముందు కాలికి సెలైను పెట్టినచోట బొచ్చు గీసేశారు, అందుకని కాస్త గుర్రుగా ఉన్నారు. కిటికీ గట్టెక్కి కొత్త ఊదారంగు ఆర్కిడ్‌ని వాసన చూసి, పనికిరాదని తేల్చారు. కుర్చీమీదికి దూకి, ఉతికి ఆరేసిన ఏప్రను కనపడగానే జేబులోకి పంజా పెట్టబోయారు. జేబు తెరుచుకోలేదు. పూలమ్మ దాన్ని నల్లదారంతో, మూడు వరసలు, కుట్టేసింది.

మేనేజరుగారు ఫిర్యాదు చేయడానికి తల తిప్పారు. వినేవాళ్ళెవరూ లేరు. కిటికీ దగ్గర అత్తా అల్లుడూ ఆర్కిడ్‌కి వారానికి ఎన్నిసార్లు నీళ్ళు పోయాలన్నదానిమీద ఒకరి మాట ఒకరు వినకుండా వాదించుకుంటున్నారు, నేరుగా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, పిల్లి అన్నది ఇంట్లో ఉన్నట్టే గుర్తులేకుండా.

ఉద్యోగం పోయిన మేనేజరుగారు మూసుకున్న జేబుమీదే చుట్టచుట్టుకుని, తోక మూతిమీద కప్పుకుని, నిద్రపోయారు.